అసలు వీడియోను అసలుగానే ఉంచుదాం

దాడి జరిగినా, ఖబరస్తాన్ ప్రహరీని కూల్చినా, వక్ఫ్ భూమిలో రాత్రికి రాత్రి పునాదులు లేచినా నేడు మన యువకుల చేతిలోని ఫోనే తొలి సాక్షి. ఆ సాక్షిని తెలియకుండానే మనం మూగదాన్ని చేస్తున్నాం. దృశ్యాన్ని దాచుకుంటున్నామే గాని, అది ఎప్పుడు, ఏ పరికరంతో తీసినదో తెలిపే వివరాలను చేజార్చుకుంటున్నాం.

ఫోను వీడియో తీసేటప్పుడు తేదీని, సమయాన్ని, అనేక ఫోన్లలో పరికరం పేరును, లొకేషన్‌కు అనుమతి ఉంటే స్థలాన్ని కూడా ఫైలు లోపలే నమోదు చేస్తుంది. దీనినే మెటాడేటా అంటారు. ఎడిటింగ్‌కు అనువుగా ఆ ఫైలును మరో రూపంలోకి మార్చడం ట్రాన్స్‌కోడింగ్. ఆ మార్పిడిలో దృశ్యం యథాతథంగా కనిపించినా, ఈ వివరాలు తరచూ రాలిపోతాయి. కొన్నిసార్లు మార్చిన రోజు తేదీయే వాటి స్థానంలో చేరుతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపినా నష్టం ఇటువంటిదే. ‘ఇది ఎప్పటిదో పాత వీడియో’ అని ఎదుటి పక్షం వాదిస్తే మన వద్ద సమాధానం ఉండదు.

ఈ విషయం మన సమాజానికి కొత్తగా నేర్పవలసినది కాదు. హదీసు శాస్త్రంలో మత్న్ ఎంత ముఖ్యమో సనద్ అంత ముఖ్యం. మాట ఎంత బాగున్నా, అది ఎవరి నుండి ఎవరికి చేరిందో తెలియనిదే ముహద్దిసులు దానిని ప్రామాణికంగా స్వీకరించలేదు. వీడియోలోని దృశ్యం మత్న్ వంటిదైతే, మెటాడేటా దాని సనద్‌లో తొలి కొస.

చట్టం కూడా దీనినే కోరుతున్నది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ నకలుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఈ విలువ మారిపోతుంది. పాత చట్టం కింద కూడా ఇటువంటి ధ్రువపత్రం తప్పనిసరి అని, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో హాజరుపరిస్తే అవసరం లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక వీడియో తీసిన ఫోనును కూడా భద్రపరచడం మేలు.

ఆచరణ కష్టమైనది కాదు. ఫోనులోని ఫైలును కేబుల్ ద్వారా నేరుగా కంప్యూటరులోకి తీసుకోవాలి. రెండు వేర్వేరు డిస్కులలో దాచి, హ్యాష్ విలువను రిజిస్టరులో రాసుకోవాలి. ఎడిటింగ్ అంతా నకలుపైనే జరగాలి. నకలు పేరులో అసలు ఫైలు పేరు ఉండాలి. మార్పిడి చేసే సాఫ్ట్‌వేరులో మెటాడేటాను వెంట తెచ్చే ఏర్పాటు ఉంటే దానిని ఎంచుకోవాలి. మార్చిన తరువాత మీడియాఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో రెండు ఫైళ్లనూ సరిపోల్చాలి. లోపించిన వివరాలను ఎగ్జిఫ్‌టూల్‌తో అసలు ఫైలు నుండి నకలులోకి చేర్చవచ్చు. ఎంపీ4 ఫైళ్లలో సమయం సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటుంది. మధ్యాహ్నం 2 గంటలకు తీసినది ఉదయం 8.30గా కనిపించవచ్చు. దానిని తప్పని దిద్దరాదు. 5 గంటల 30 నిమిషాలు కలిపి చదువుకోవాలి.

మెటాడేటాను మార్చగల సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి గనుక అదొక్కటే రుజువు కాజాలదు. వీడియో తీసిన వ్యక్తి సాక్ష్యం, అది చేతులు మారిన వివరాల నమోదు కూడా తోడు కావాలి. మరొక జాగ్రత్త: బాధితుల ఇంటి ఆచూకీ తెలిపే వివరాలు బయటికి పొక్కితే వారికే ముప్పు. బహిరంగంగా పంచే నకలులో వాటిని తొలగించి, న్యాయవాదికి ఇచ్చే అసలులో మాత్రం తాకకుండా ఉంచాలి.

ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం ఈ పనికి ఒక బాధ్యుణ్ణి, ఒక రిజిస్టరును ఏర్పాటు చేసుకోవాలని మేము కోరుతున్నాము. న్యాయస్థానం తలుపు తట్టే నాటికి మన చేతిలో ఆవేదనతో పాటు ఆధారమూ ఉండాలి.