పూల్ పంపు నిదానంగా తిరగాలి

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడిన మనవాళ్లలో పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లు చాలామందే. వేసవిలో కరెంటు బిల్లు రాగానే ఏసీని తిట్టుకుంటాం. ఏసీ తర్వాత ఎక్కువ కరెంటు లాగేది చాలా ఇళ్లలో పూల్ పంపేనన్నది తట్టదు.

2021 జూలై 19న అమెరికా ఇంధన శాఖ నిబంధన అమల్లోకి వచ్చాక, ఒకే వేగంతో తిరిగే పెద్ద పంపుల తయారీ దాదాపు ఆగిపోయింది. పాతది కాలిపోతే ఇప్పుడు వచ్చేది వేగం మార్చుకోగల పంపే. బాధ ఎక్కడంటే, అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని మూడు వేల ఆర్‌పీఎం దగ్గర వదిలేసి, మళ్లీ దాని మూత తెరవని ఇళ్లు ఎన్నో. కొన్న లాభమంతా ఆ ఒక్క అంకెలో పోతోంది.

వేగం సగం చేస్తే నీళ్లు సగం వస్తాయి. కరెంటు మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతే పడుతుంది. మన పూల్ 20,000 గ్యాలన్లది అనుకుందాం. 3,450 ఆర్‌పీఎంలో నిమిషానికి 70 గ్యాలన్లు తోసే పంపు 2,000 వాట్లు తీసుకుంటే, నీళ్లన్నీ ఒకసారి ఫిల్టర్ దాటేసరికి సుమారు తొమ్మిదిన్నర యూనిట్లు కాలతాయి. 1,725లో అదే పనికి రెట్టింపు సేపు పడుతుంది, మోటారు నష్టాలు కలుపుకున్నా మూడు యూనిట్ల దగ్గర తేలుతుంది. చప్పుడు కూడా పెద్దగా ఉండదు. ఇక హెచ్‌పీ విషయానికొస్తే, పక్కింటివాళ్లు మూడు పెట్టించారని మనమూ పెట్టించక్కర్లేదు. పైపులు ఒకటిన్నర అంగుళాలవైతే ఆ బలమంతా వాటితో పెనుగులాటకే సరిపోతుంది.

మరి ఎంత వేగం పెట్టాలి? అది మీ పూలే చెబుతుంది. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే సాల్ట్ సిస్టమ్ ఉంటే, ఫిల్టర్ కడిగిన రోజున 2,000తో మొదలుపెట్టి యాభై చొప్పున తగ్గించండి. తగ్గించిన ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి. ఒకచోట ప్రవాహం చాలడం లేదని ఆ సిస్టమ్ మీద లైటు వెలుగుతుంది. అక్కణ్ణుంచి నూటయాభై పెంచండి, ఫిల్టర్‌కు మురికి పట్టాక ఆ మిగులు పనికొస్తుంది. ఆ వేగంలో స్కిమ్మర్ ఆకుల్ని లాగకపోతే రోజూ ఒక గంట 2,600కు పెంచి, క్లీనర్‌ను కూడా ఆ గంటలోనే నడపండి. మిగతా పది పన్నెండు గంటలూ నిదానమే.

కొన్ని ఇళ్లలో ఇంకా పాత రెండు వేగాల పంపులున్నాయి. వాటికి మామూలు టైమర్ చాలదు. రెండు వేగాల వైండింగులకూ ఒకేసారి కరెంటు వెళ్లకుండా, ఒకటి తెగాకే రెండోది కలిపే రిలే ఉండాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది సాల్ట్ సిస్టమ్‌లో క్లోరిన్ తయారుచేసే సెల్ గురించి. కొత్త పంపు తన సొంత గడియారంతో నడుస్తుంటుంది, సెల్ పాత టైమర్ మీదే ఉండిపోతుంది. పంపు ఆగాక కూడా సెల్‌కు కరెంటు అందుతుంటే, కదలని నీటిలో హైడ్రోజన్ వాయువు పోగవుతుంది. అది పేలగలదు. ప్రవాహం లేకపోతే సెల్‌ను ఆపే ఫ్లో స్విచ్ ఉందిగా అని ఊరుకోకూడదు, అదీ చెడిపోయే వస్తువే. పంపు తిరుగుతుంటేనే సెల్‌కూ హీటర్‌కూ కరెంటు వెళ్లేలా కంట్రోలర్‌తో కలిపించాలి. పిల్లలు ఆడుకునే చోటు, ఖర్చుకు వెనకాడొద్దు.

చలికాలానికి ఫ్రీజ్ సెన్సర్ ఉండాలి. బయటి గాలి నీళ్లు గడ్డకట్టే చలికి దగ్గరవుతుండగానే అది పంపును నడిపిస్తుంది. కానీ 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటే పోయింది, ఎంతోమంది పూల్ పైపులు పగిలాయి. అలాంటి రాత్రి బ్రేకర్ ఆపేసి, పంపు కిందున్న రెండు డ్రెయిన్ ప్లగ్గులు విప్పి, ఫిల్టర్‌లో నీళ్లు కూడా వదిలేయాలి. ఆ ప్లగ్గులు ఎక్కడున్నాయో ఈ వారమే పగటి వెలుతురులో చూసిపెట్టుకోండి.