రాలో తీసినంత మాత్రాన తెలుపు దక్కదు

నూజివీడు నుంచి విస్సన్నపేట మీదుగా తిరువూరు దాకా ఏ స్టూడియోలో కూర్చున్నా వినపడే మాట ఒకటుంది: "రాలో తీశాం కదండీ, ఏమీ పోదు. ఓవర్ అయినా ఎడిటింగ్‌లో లాగేయొచ్చు." ఈ నమ్మకం తప్పు. మధుపర్కాల నేత కనపడకుండా పోవడానికి, పెళ్లికొడుకు పంచె మడతల మీద గులాబీ మచ్చలు తేలడానికి చాలాసార్లు ఇదే కారణం. ఆల్బమ్ చూసిన పెద్దవాళ్లు కుంకుమ అంటిందేమో అనుకుంటారు. స్టూడియో వాళ్లు వైట్ బ్యాలెన్స్ మీదకో, వీడియో లైట్ల మీదకో నెట్టేస్తారు.

అసలు సంగతి వేరు. 14 బిట్ల రా ఫైలులో 0 నుంచి 16383 దాకా అంకెలకు చోటుంది. అయితే చాలా కెమెరాల్లో సెన్సర్ నిండిపోయే అంకె అంతకన్నా కిందే ఉంటుంది. దాన్నే వైట్ లెవెల్ అంటున్నాం. నలుపు కూడా సున్నా దగ్గర మొదలుకాదు. చాలా కేనన్ కెమెరాల్లో అది 2048. అలాంటి ఒక కెమెరా 15000 దగ్గర నిండిపోతుందనుకోండి. సాఫ్ట్‌వేర్ మాత్రం 16383 దాకా చోటుందని నమ్ముతోంది. పెళ్లిపీటల మీద లైటు పడ్డ తెల్లబట్ట దగ్గర మామూలుగా ముందు నిండేది ఆకుపచ్చ ఛానల్. సాఫ్ట్‌వేర్ లెక్కలో అది 90 శాతం దగ్గరే ఆగిపోతుంది. వైట్ బ్యాలెన్స్ కోసం హెచ్చించిన ఎరుపు, నీలం నూరు దాటి, నూరు దగ్గర తెగుతాయి. పచ్చ తక్కువై మిగతా రెండూ ఎక్కువైతే వచ్చేది గులాబీయే. అక్కడ వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా మచ్చ పోదు, చుట్టూ ఉన్న ముఖాల రంగు మాత్రం చెడుతుంది.

కొనేవాళ్లకి పంపే మామిడి ఫొటోల్లో ఇది ఇంకా చేటు. పండిన బంగినపల్లి తొక్క నిండు పసుపు, దాని మీద ఎర్రజీర ఉండదు. ఎండ తగిలిన మెరుపులో గులాబీ చేరిందా, దూరాన ఉన్న కొనుగోలుదారుకి అది భుజం మీద ఎరుపున్న సువర్ణరేఖలా కనపడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న బంగినపల్లికి దాని రంగే దక్కకపోతే ఎలా?

కొందరు తెలివిగా ఒక విరుగుడు చెబుతారు: వైట్ లెవెల్ బాగా తగ్గించేస్తే గులాబీ రాదు, గొడవ లేదు. నాకు దీనిమీదే ఎక్కువ కోపం. పై లెక్కలోనే 15000 బదులు 13000 పెట్టి చూడండి. దాదాపు పావు స్టాప్ వెలుతురు, సెన్సర్ నిజంగా పట్టుకున్నది, చెత్తబుట్టలోకి పోతుంది. పంచె జరీ అంచు పక్కన సన్నటి నేత ఉండేది సరిగ్గా ఆ పావు స్టాప్‌లోనే. మచ్చ పోయిందని సంతోషిస్తూ బట్టనే చెరిపేస్తున్నాం. హైలైట్ రికవరీ తిరిగి తెస్తుందంటారు. మూడు ఛానళ్లూ నిండిపోయిన చోట తేవడానికి ఏమీ లేదు. ఒకటి రెండు మిగిలిన చోట అది వేసేది అంచనా.

"సాఫ్ట్‌వేర్‌కి మన కెమెరా తెలుసు" అన్నది ఇంకో మాట. పూర్తిగా తెలియదు. వైట్ లెవెల్ హద్దు ఐఎస్ఓతో మారుతుంది. చాలా కేనన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఐఎస్ఓ 160 అంటే 200లో తీసిన అంకెల్ని తగ్గించి రాసినదే, కాబట్టి అక్కడ హద్దూ కిందికి దిగుతుంది. పెద్ద అపర్చర్ లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు కొన్ని కెమెరాలు రా అంకెల్నే పెంచి రాస్తాయి. రాథెరపీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మోడల్‌కి, ఒక్కో ఐఎస్ఓకి విలువలు రాసే కామ్‌కాన్‌స్ట్ అనే ఫైలు అందుకే పుట్టింది. దాన్ని మనమూ దిద్దుకోవచ్చు. డార్క్‌టేబుల్‌లో కూడా రా బ్లాక్, వైట్ పాయింట్ మార్చే వీలుంది. లైట్‌రూమ్‌లో అలాంటి మీట లేదు. అక్కడి వైట్స్ స్లైడర్ పనిచేసేది వేరే దశలో.

ఇదంతా ఇంజినీర్ల పని అనేవాళ్లకి ఒక్కటే అడుగుతాను. మామిడి కమిషన్ దుకాణంలో కాటా సరిచూడకుండా కాయ తూస్తే రైతు ఊరుకుంటాడా? కెమెరా కాటాని సరిచూడటానికి ఒక మధ్యాహ్నం చాలు. ఫోకస్ తప్పించి, తెల్లటి ఆకాశం వైపు గురిపెట్టి, నాలుగైదు స్టాప్‌లు ఓవర్ చేసి తీయండి. 100 నుంచి 6400 దాకా మూడో వంతు స్టాప్ చొప్పున 19 మెట్లు, మెట్టుకొక ఫొటో. రాడిగ్గర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒక్కో ఛానల్ ఏ అంకె దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిందో హిస్టోగ్రామ్‌లో కనపడుతుంది. అన్నిటికన్నా తక్కువ దగ్గర ఆగిన ఛానల్‌ని పట్టుకుని, దానికి కాస్త కిందగా వైట్ లెవెల్ రాసుకోవాలి, ఎందుకంటే నాయిస్ వల్ల ఆ అంకె కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఫ్రేమంతా నిజంగా నిండిందో లేదో కూడా చూసుకోండి. నిండని ఫొటో తప్పుడు అంకె ఇస్తుంది. ఫుల్ ఓపెన్‌లో వాడే లెన్స్ ఉంటే దానితో మళ్లీ ఒకసారి తీయాలి.

ఎడిటింగ్ బయట డిజైనర్‌కి ఇచ్చే స్టూడియోలు ఈ అంకెల కాగితాన్ని కూడా హార్డ్ డిస్క్‌తో పంపాలి. ఆ కెమెరా ఆయన చేతిలో ఉండదు, కొలిచే వీలు ఆయనకి లేదు. కొలవగలిగింది తీసినవాళ్లే.