పాత లేత్‌కి రంగు తర్వాత.. ముందు కొలతలు తీయండి

మీ కాలేజీ వర్క్‌షాప్‌లో ఓ మూల, గోనె పట్టా కింద, ఒక పాత లేత్ ఉందేమో చూడండి. హెచ్‌ఎంటీదో, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్‌దో అయ్యుంటుంది. 'కండెమ్' అని రాసేసి వదిలేసి ఉంటారు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం రెడీమేడ్ కిట్లు అమ్మే షాపుల చుట్టూ తిరుగుతున్న మెకానికల్ విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. ఆ డబ్బు దాచుకుని ఈ లేత్‌ని అడగండి.

'సీఎన్‌సీ కాలంలో పాత లేత్ ఎందుకన్నా?' అని చాలామంది అడుగుతారు. సీఎన్‌సీలోనూ ఉన్నవి అవే: బెడ్, స్పిండిల్, స్క్రూ. హ్యాండిల్ తిప్పే చెయ్యి బదులు సర్వో మోటార్ వచ్చింది, అంతే. జాబ్ ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా వస్తుంటే ప్రోగ్రామ్ ఎన్నిసార్లు చూసినా కారణం దొరక్కపోవచ్చు. అది కనిపెట్టగలిగే మనిషి ఫ్యాక్టరీకి కావాలి.

రిస్టొరేషన్ అనగానే మనవాళ్లు ముందు ఎమిరీ పేపర్, పెయింట్ డబ్బా పట్టుకుంటారు. యూట్యూబ్ వీడియోల పుణ్యం! దయచేసి బెడ్ మీద గ్రైండర్ పెట్టకండి. కొన్ని పాత మెషీన్ల స్లైడ్ల మీద కనిపించే చిన్న చిన్న మచ్చలు గీతలు కావు. చేత్తో స్క్రేపింగ్ చేసిన గుర్తులు. ఆ సన్నని గుంటల్లోనే ఆయిల్ నిలుస్తుంది. పైపై తుప్పుకి కిరోసిన్, గుడ్డ, ఓపిక చాలు.

ఆ తర్వాత అరుగుదల ఎక్కడుందో వెతకాలి. ఎక్కువ పని చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ కూడా అక్కడే ఎక్కువ అరుగుతుంది. క్యారేజ్‌ని చక్ దగ్గర కదలిక లేకుండా సరిచేసి, టెయిల్‌స్టాక్ వైపు జరిపి చూడండి. అక్కడ పట్టేస్తే సంగతి అర్థమైనట్టే. ఇంకో పరీక్ష ఉంది. ఒక లావు రాడ్‌ని టెయిల్‌స్టాక్ సాయం లేకుండా చక్‌లోనే బిగించి, రెండు చోట్ల చిన్న కాలర్లు మిగిలేలా మధ్యలో తీసేయండి. టూల్ సెట్టింగ్ మార్చకుండా రెండిటి మీదా సన్నని కట్ తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా వస్తే వెంటనే హెడ్‌స్టాక్ విప్పకండి. ముందు లెవెల్ చూడండి. కాళ్ల కింద బోల్టులు సరిగ్గా లేకపోతే బెడ్ మెలి తిరుగుతుంది. కొన్ని 'పాడైన' లేత్‌లకు జబ్బు అంతే!

హ్యాండిల్ కాస్త తిరిగాక గానీ స్లైడ్ కదలకపోతే అది బ్యాక్‌లాష్. దానికి కంగారు అక్కర్లేదు. మంచి టర్నర్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుకొస్తాడు, కొలత కరెక్టుగానే వస్తుంది. స్పిండిల్ బేరింగ్‌లో లూజు మాత్రం వదలకూడదు. ఏ లోపాన్ని బాగుచేయాలి, దేనితో సర్దుకుపోవాలి అన్నది సిలబస్‌లో లేదు. మెయింటెనెన్స్ ఇంజినీర్ రోజూ తేల్చుకోవాల్సింది మాత్రం అదే.

గేర్ల పెట్టె తెరిస్తే 127 పళ్ల గేరు కనిపించొచ్చు. ఆ అంకె ఎందుకో ఆలోచించారా? అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని అయిదుతో గుణిస్తే 127. అంగుళానికి 8 మరలున్న లీడ్ స్క్రూతో 1 మి.మీ. పిచ్ కోయాలంటే 40కి 127 నిష్పత్తి పడాలి. ఇంటర్వ్యూలో ఇది కాగితం మీద వేసి చూపించండి. 'నీ ప్రాజెక్టులో నువ్వు చేసిందేంటి' అన్న ప్రశ్నకి కొన్న కిట్‌తో ఇలాంటి జవాబు రాదు.

ఈఈఈ ఫ్రెండ్‌ని కూడా కలుపుకోండి. ఏళ్ల తరబడి పడున్న మోటార్‌కి మెగ్గర్ పెట్టకుండా త్రీఫేజ్ ఇవ్వకూడదు. ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో ముప్పయ్యేళ్లు లేత్ మీద నిలబడ్డ పెద్దాయన ఒక్కరు దొరికితే ఇంకా మంచిది. ఆయన చప్పుడు విని చెప్పేది మీరు డయల్ గేజ్‌తో సరిచూసుకోవచ్చు. స్విచ్ వేసే ముందు చక్ కీ తీశారో లేదో ఒకరు గట్టిగా అడగాలి, ఇంకొకరు జవాబు చెప్పాలి. గ్లౌజులు, చున్నీ, వేలాడే ఐడీ కార్డు వద్దు.

ఇదంతా ఒక సెమిస్టర్‌లో పూర్తి కాకపోవచ్చు. మొదటి రోజు కొలతలు, చివరి రోజు కొలతలు పక్కపక్కన రాసిన నోట్‌బుక్ ఉంటే ప్రాజెక్టు రిపోర్టుకి అది చాలు. అనుమతి మాత్రం ఇప్పుడే అడగండి. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న మెషీన్ కాబట్టి హెచ్‌ఓడీకి లెటర్ పెట్టాలి. స్క్రాప్ వేలం అయ్యాక వెళ్తే ఆ బెడ్ అప్పటికే కిలోల లెక్కన అమ్ముడుపోయి ఉంటుంది.