"లేదు" అంటే యేది లేదు?

పోయిన నెల మా వదినగారికి జ్వరం తగిలి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. నర్సమ్మ కంప్యూటరు వంక చూసి, "పడని మందులేవీ లేవు కదా" అంటూ సూది సిద్ధం చేస్తున్నది. పక్కనే వున్న మా అన్నయ్య, "అయ్యో, పెన్సిలిన్ పడదమ్మా!" అని అడ్డుపడ్డాడు. తీరా విచారిస్తే, ఆ గడిలో "లేదు" అని యెవరూ వ్రాయలేదు. అసలు యెవరూ అడగనే లేదట. ఖాళీ గడిని యంత్రం "లేదు" అని చూపించింది.

ఇంటికి వచ్చాక యీ సంగతి మా మేనల్లుడితో చెప్పాను. వాడు తరమణి వైపు ఒక కంపెనీలో ప్రోగ్రాములు వ్రాస్తాడు.

"మామయ్యా, యిది మాకు తెలిసిన తప్పే. ఫలానా గడికి విలువ వున్నదా అని చూసే చిన్న ప్రోగ్రాము వుంటుంది. దానికి మేము వ్రాసే వివరణ ఒక్క ముక్క: 'విలువ వుంటే అవును, లేకపోతే కాదు' అని. ఆ 'లేకపోతే' అన్నది యేమిటో వ్రాయము. వాడుకొనేవాడు తనకు తోచినట్లు అర్థం చేసుకొంటాడు" అన్నాడు.

నేను తెల్లమొహం వేశాను. మా ఆవిడ పోపులపెట్టె తెచ్చి ముందు పెట్టింది.

"ఇంగువ గిన్నె పెట్టెలోనే లేదు, అదొకటి. గిన్నె వున్నది గాని ఖాళీ, అది రెండోది. గిన్నె మీద మూత వున్నది, యింకా తీసి చూడలేదు, అది మూడోది. మూడింటికీ 'ఇంగువ లేదు' అంటే కొట్టుకు వెళ్ళేవాడికి యేం తెలుస్తుంది?" అన్నది.

"అత్తయ్యా, నాలుగోది కూడా వున్నది, సున్న" అన్నాడు వాడు. చేతిలో రొక్కం సున్న అని వ్రాస్తే అది జవాబే గాని ఖాళీ కాదు గదా!

చిక్కేమిటంటే, ఒక్కొక్క కంప్యూటరు భాషది ఒక్కొక్క దారి. పైథాన్‌లో "విలువ వుంటే" అని వూరికే అడిగితే, సున్ననూ ఖాళీ మాటనూ కూడా లేనట్లే జమకడుతుంది. జావాస్క్రిప్టులో "హ్యాజ్ ఆట్రిబ్యూట్" అని అడిగితే, గుణం పేరు వుంటే చాలు, లోపల యేమీ లేకపోయినా అవునంటుంది. ఎస్‌క్యూఎల్‌లో లేమికి "నల్" అని గుర్తు. అది దేనితోనూ సమానమని తేలదు, తనతో తాను కూడా! సమాచారాన్ని పట్టికలుగా కూర్చే పద్ధతిని 1970లో ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్ గారే, 1986లో లేమి రెండు రకాలని విడదీసి చెప్పారు: వర్తిస్తుంది గాని తెలియదు, అసలు వర్తించదు. పెళ్ళికాని అబ్బాయికి భార్యపేరు అడగడం రెండో రకం.

చెన్నపట్నం తెలుగువారికి యిది బొత్తిగా కొత్త కాదు. పేరుకు ముందు మనం వ్రాసే అక్షరం ఇంటిపేరు. యిక్కడివారు దానిని తండ్రిపేరు అనుకొంటారు. పాస్‌పోర్టులో ఒక్క పేరే వున్నవారికి అమెరికా వీసాలో మొదటిపేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ", అనగా మొదటిపేరు తెలియదు, అని వేస్తారు. కన్నవారు పెట్టిన పేరు నిక్షేపంగా వున్నది. అది వేరే గడిలో వున్నది, అంతే.

మరునాడు మావాడు తన వివరణను తిరగవ్రాసి చదివి వినిపించాడు: "గడి లేకపోయినా, గడి ఖాళీగా వున్నా 'కాదు' అని చెప్పును. సున్న వుంటే 'అవును' అని చెప్పును. 'కాదు' అన్నంత మాత్రాన అడిగి తెలుసుకొన్నట్లు కాదు." నాలుగు ముక్కలు యెక్కువైనాయి గాని, నాబోటివాడికి కూడా బోధపడింది.

మన యిళ్ళలో యీ పని చేసే పిల్లలు చాలామందే వున్నారు. వారికి యీ మాట చేరవేయండి. మనకూ ఒక పని వున్నది. యే కాగితం నింపినా గడి ఖాళీగా వదలకండి. లేకపోతే "లేదు", తెలియకపోతే "తెలియదు", మనకు సంబంధించనిదైతే "వర్తించదు" అని వ్రాయండి. ఆసుపత్రిలో మాత్రం వ్రాసి వూరుకోక, నోటితో కూడా చెప్పండి.

వదినగారు కులాసాగా వున్నారు. ఆ గడిలో యిప్పుడు "పెన్సిలిన్ పడదు" అని వున్నది. అన్నయ్య దగ్గర నిలబడి వ్రాయించాడు.