కంప్యూటర్ ఉలకకపోతే, పలకకపోతే...

బదిలీ వచ్చిందంటే మన సామానంతా లారీ ఎక్కుతుంది. కొత్త క్వార్టర్స్‌లో సర్దుకున్నాక ఒక్కోసారి కంప్యూటర్ ఉలకదు, పలకదు. వెంటనే "పాడైపోయింది, కొత్తది కొందాం" అంటాం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? తెలియని ఊళ్లో మంచి మెకానిక్ దొరకడమూ కష్టమే. అందుకే మొదటి పరీక్ష మనమే చేసుకోవాలని మా అభిప్రాయం.

ఆ పరీక్ష గోడ దగ్గర మొదలవ్వాలి. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెడితే కరెంటు ఉందో లేదో తెలిసిపోతుంది. తర్వాత స్పైక్ బస్టర్, పవర్ కేబుల్, సీపీయూ వెనకున్న చిన్న స్విచ్ చూడాలి. ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే మానిటర్ కేబుల్ గట్టిగా బిగించాలి. అయినా రాకపోతే లారీ కుదుపులకు ర్యామ్ కదిలి ఉండవచ్చు. ప్లగ్ పూర్తిగా తీసేసి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, ర్యామ్ తీసి మళ్లీ సరిగ్గా నొక్కితే చాలాసార్లు పని చేస్తుంది.

ఒక హద్దు మాత్రం దాటకూడదు. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బాను ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్ తీసినా అందులోని కెపాసిటర్లు షాక్ కొట్టగలవు. సీపీయూను ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగ్ సరిగా లేదేమోనని అనుమానించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

కంప్యూటర్ పీరియడ్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాం. ఏడాదికి ఒక్కసారైనా పాత సీపీయూ విప్పి చూపించమని మా ఉపాధ్యాయులను కోరుతున్నాం. ఎన్ని ఊళ్లు మారినా ఆ విద్య మన వెంటే వస్తుంది. దానికి లారీ అక్కర్లేదు!