ఐరన్ మెయిడెన్ కచేరీకి అమ్మవారు ఎందుకు రాలేదు?

మన సంఘం సమావేశాల్లో పూనకాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి "అదంతా డప్పు మోతకి నరాలు అదిరి వచ్చేదే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఆ జవాబు చాలదని నాకు అనుమానం వచ్చింది మాత్రం ఒక రాక్ కచేరీలో.

2007 మార్చి 17, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. ఇంగ్లండుకి చెందిన ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బృందం మన దేశంలో మొదటిసారి వాయించిన రాత్రి. అప్పట్లో నాకు అక్కడ పోస్టింగు. భిలాయిలో ఇంజినీరింగ్ చదువుతున్న మా తమ్ముడి కొడుక్కి ఆ బృందమంటే ప్రాణం. గది గోడనిండా ఎడ్డీ బొమ్మలే (ఎడ్డీ అంటే వాళ్ల ఆల్బమ్ అట్టల మీద కనిపించే పీనుగులాంటి భూతం లెండి). మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, అది సైతాను సంగీతమట. వాణ్ణి ఒక్కణ్ణీ పంపకు, నువ్వూ వెళ్లు" అన్నాడు. సెక్టర్ 5 బాలాజీ గుడికి శనివారం తప్పకుండా వెళ్లే మనిషికి మన పురాణాల్లోనే లేని సైతానుతో పనేమిటని అడిగాను. "ఎవరి దయ్యమైతేనేం, దయ్యం దయ్యమే కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు!

ఆ సైతాను కథ అమెరికా నుంచి వచ్చింది. 1982లో ఈ బృందం 666 అంకె మీద ఆల్బమ్ తీస్తే అక్కడి భక్తులు రికార్డులు తగలబెట్టారు. ఇంకా ఘోరమైనది జూడాస్ ప్రీస్ట్ అనే మరో బృందం కేసు. 1985లో నెవాడా రాష్ట్రంలో ఇద్దరు కుర్రాళ్లు తుపాకీతో కాల్చుకున్నారు. ఒకడు అక్కడే పోయాడు, రెండోవాడు మూడేళ్ల తర్వాత పోయాడు. 1978 నాటి పాటలో 'చేసెయ్' అనే మాట రహస్యంగా దాచారనీ, వేరే పాటల్ని వెనక్కి తిప్పితే చెడ్డ మాటలు వినపడతాయనీ ఆ కుటుంబాలు దావా వేశాయి. 1990లో విచారణ జరిగింది. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తన పాటల్నే వెనక్కి తిప్పి వినిపించి, అందులో కుర్చీ విరిగిందన్నట్టు వినపడే ముక్క కూడా ఉందని కోర్టుకు చూపించాడు. గాయకుడి ఊపిరీ గిటారు మోతా యాదృచ్ఛికంగా కలిసి ఆ మాటలా వినపడిందని జడ్జి తేల్చి, దావా కొట్టేశాడు. ముందే చెబితే ఎవరికైనా వినపడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

సరే, కచేరీ. ముందు ఢిల్లీ బృందం పరిక్రమ వాయించింది. చీకటి పడింది. నల్ల చొక్కాల కుర్రాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చారు, నేపాల్ నుంచి కూడా. ఆ గుంపులో ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని నిలబడ్డ ఏకైక మనిషిని నేనే అయ్యుంటాను. అసలువాళ్లు వేదిక ఎక్కగానే డ్రమ్ముల మోత చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినపడింది. ఏ జాతరలోనూ నేను అంత మోత వినలేదు. మావాడు తల విసరడం మొదలుపెట్టాడు. పక్కవాడూ విసిరాడు, ఆ పక్కవాడూ. కళ్లు మూతలు పడుతున్నాయి, చెమటలు కారుతున్నాయి, ఒకడు ఏడుస్తున్నాడు. చీకటంటే ఉండే భయం మీద వాళ్లకొక పాట ఉంది, 1992 నాటిది. దాని గిటారు వరసని వేల గొంతులు కలిసి ఎత్తుకున్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. దాచుకోవడం ఎందుకు, నేనూ కాసేపు గొంతు కలిపాను.

రెండు గంటలు. వేల తలలు ఊగాయి. ఒక్కడి మీదికీ ఏ దేవతా రాలేదు, ఆ భక్తులు భయపడ్డ సైతానూ రాలేదు. లైట్లు వెలగగానే అందరూ చెప్పులు వెతుక్కున్నారు. మావాడు "పెదనాన్నా, మెడ పట్టేసింది, అయోడెక్స్ ఉందా?" అన్నాడు. (మరుసటి ఏడాదే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని లెక్క కట్టారు. ఇలా తల విసిరే పాటల వేగం సగటున నిమిషానికి 146 దెబ్బలు. తల 75 డిగ్రీలకు మించి ఊగితే స్వల్ప గాయం తప్పదట.)

డప్పు మోతే కారణమైతే ఆ మైదానమంతా పూనకాలతో నిండిపోవాలి. ఈ మాట నాకంటే ముందే ఫ్రెంచి పండితుడు జిల్బేర్ రూజే అన్నాడని తర్వాత చదివాను. డప్పు లయ మెదడు తరంగాల్ని నేరుగా నడుపుతుందని 1960ల మొదట్లో ఆండ్రూ నెహర్ వాదించాడు. అదే నిజమైతే ఆఫ్రికాలో సగంమంది ఏడాది పొడుగునా పూనకంలోనే ఉండాలి కదా అని 1980లో రూజే తన పుస్తకంలో ఎత్తిపొడిచాడు. మోత ఊపు ఇస్తుంది, అంతవరకే. ఊగే మనిషి దేవతవుతుందా అభిమాని అవుతాడా అన్నది చుట్టూ ఉన్నవాళ్లు ముందే అనుకుని ఉన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇదంతా పండిత చర్చ అయితే నేను రాసేవాణ్ణి కాదు. మా నాన్న 1959లో, భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఏడాది, శ్రీకాకుళం నుంచి పనికి వచ్చారు. క్వార్టర్ దొరికేదాకా మేం గుడిసెల్లోనే ఉన్నాం. నాకు 11 ఏళ్లప్పుడు అమ్మవారి పండగలో ఒకామెకు పూనింది. వాడలో ఒక పసిపాప జబ్బుతో ఉంది. పెద్దాయన ఒకాయన వేపమండతో ముందుకొచ్చి "ఎవరి కన్ను పడింది తల్లీ?" అని అడిగాడు. ఆమె మాట్లాడలేదు, చెయ్యి విసిరింది, అంతే. అటువైపు నాలుగిళ్లున్నాయి. "మూడో ఇల్లేనా?" అన్నాడు. అప్పటికే ఊగుతున్న తల ఇంకోసారి ఊగింది. గుంపంతా దాన్ని ఔననే విన్నది. మూడో ఇంట్లో ఉండేది మజ్జిగ అమ్ముకునే విధవరాలు.

ఆమెను ఎవరూ కొట్టలేదు. మజ్జిగ పోయించుకోవడం మానేశారు. మా అమ్మ కూడా మానేసింది. నేను గిన్నె పట్టుకుని రోజూ వెళ్లేవాణ్ణి, "ఇంక వద్దులే" అంది. నేనూ ఎందుకని అడగలేదు. నెల తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ అయింది. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

బెంగళూరులో అన్ని వేల తలలు ఊగుతుంటే నాకు ఆ ఒక్క తల గుర్తొచ్చింది. ఊగే తలని ఏది అడిగినా ఔనన్నట్టే ఉంటుంది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. తేడా అంతే.

ఛత్తీస్‌గఢ్‌లో మంత్రగత్తె అని ముద్ర వేసిన స్త్రీని 'టోన్హీ' అంటారు. దీని మీద 2005లో రాష్ట్రం చట్టమే చేసింది. టోన్హీ అని వేలు చూపిస్తే మూడేళ్ల దాకా, హింసిస్తే అయిదేళ్ల దాకా జైలు. భూతవైద్యం చేసేవాడికీ అయిదేళ్లే. రాయపూర్ కంటి డాక్టర్ దినేశ్ మిశ్రా ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి చెబుతున్నది ఇదే. నాకు ఈ చట్టంలో నచ్చింది ఏమిటంటే, ఊగినందుకు అందులో శిక్ష లేదు, పేరు పెట్టినందుకు ఉంది.

మనవాళ్లు కొందరు పూనకం వచ్చినామెకు సూది గుచ్చి నిజమో నటనో తేలుస్తామంటారు. నాకది అసహ్యం. నవరాత్రుల్లో ఇక్కడ జవారా ఊరేగింపులో జస్‌గీత్ పాడుతూ, మాందర్ వాయిస్తూ ఉంటే ఆడవాళ్లు ఊగుతారు, దాన్ని ఝూపనా అంటారు. ఏడాదంతా చాకిరీ చేసిన మనిషి ఒక పూట ఊగితే మనకేం నష్టం? మావాడూ ఊగాడు కదా. మనం కాపు కాయాల్సింది ప్రశ్నతో ముందుకొచ్చే పెద్దాయన దగ్గర.

అందుకే ఆ చట్టం సెక్షన్లను హిందీ, ఛత్తీస్‌గఢీలతో పాటు తెలుగులో కూడా కరపత్రంగా వేసి, ఖుర్సీపార్‌లో మనవాళ్ల అమ్మవారి పండక్కి ముందే పంచుదామని మొన్నటి సమావేశంలో అడిగాను. కాగితం, అచ్చు, ఆటో ఖర్చులతో సహా అంచనా రాసిచ్చాను. "పూనకం అబద్ధం" అని పైన పెద్దక్షరాల్లో ఉండాలని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఫైలు పెండింగులో ఉంది.