ఇంట్లోనే మూడాటలు

టిక్కెట్టు లేదు, క్యూ లేదు, బ్లాకులో కొనే బాధ అసలే లేదు. పోయిన వారం మా ఇంటి ముందుగదిలో దిగ్విజయంగా మూడు ఆటలు నడిచాయి. గేట్ కీపర్నీ నేనే, ఆపరేటర్నీ నేనే, బొమ్మ ఆగితే ఆపరేటర్ని తిట్టే ప్రేక్షకుణ్ణీ నేనే!

ముప్ఫై దాటినవాణ్ణి కాబట్టి ఈ మూడు చిత్రాల్నీ విడుదల రోజున చూసే యోగం నాకు లేదు. మీకూ ఉండదు. అలా అని "పాత సినిమాల కబుర్లేనా" అంటూ పేజీ తిప్పేయకండి. హాల్లో చూడటానికీ ఇంట్లో చూడటానికీ తేడా ఏమిటో ఈ మూడూ మూడు రకాలుగా చెప్పాయి.

మాట్నీ: మాయాబజార్

విజయా వారి పతాకంపై కె.వి.రెడ్డి గారు తీసిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. 2010లో రంగులు కూడా పూసుకుని వచ్చింది. నేను చూసింది మాత్రం నలుపు తెలుపే. మార్కస్ బార్ట్లే వెన్నెలకు వేరే రంగు దేనికండీ!

ఇంట్లో ఉన్న సౌకర్యం ఏమిటంటే, బొమ్మను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. ఘటోత్కచుడు పెళ్ళివంటలు ఆరగించే పాటలో లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు గారి నోట్లోకి పోతాయి చూశారూ, అక్కడ నాలుగైదుసార్లు ఆపి, టీవీకి ముక్కు ఆనించి మరీ దారం కోసం వెతికాను. దొరకలేదు. దొరకనందుకు సంతోషమే వేసింది.

ఆపి చూడటం వల్ల దొరికింది వేరే ఉంది. అది సావిత్రి గారి నటన. మాయా శశిరేఖ పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు ముఖంలో ఏమో కొత్త పెళ్ళికూతురి సిగ్గు, కింద ఏమో రేలంగి గారి కాలు నలిపేసే రాక్షసుడి పాదం. హాల్లో అయితే రేలంగి గారి అవస్థకు పడీ పడీ నవ్వుతాం, ఆవిడ ముఖం చూడటం మర్చిపోతాం. ఇంట్లో వెనక్కి తిప్పి ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆవిడనీ చూడొచ్చు. ఒక మార్కు ఇంటికి!

ఫస్ట్ షో: అహ నా పెళ్ళంట

మాయాబజార్‌లోని పాట పల్లవే ఈ చిత్రానికి పేరైంది. 1987లో రామానాయుడు గారి నిర్మాణంలో జంధ్యాల గారు తీసిన హాస్యచిత్రం. రాజేంద్రప్రసాద్ హీరో అయినా, పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు చిత్రాన్ని తన జేబులో వేసుకున్నారు. 2025 జూలైలో ఆయన కన్నుమూసినప్పుడు చాలామందికి మొదట గుర్తొచ్చింది, కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతే కదూ!

మొదటి సగం ఒక్కణ్ణే చూశాను. డైలాగు డైలాగూ స్పష్టంగా వినబడింది. హాల్లో ఒక మాటకు పుట్టిన నవ్వు తర్వాతి రెండు మాటల్ని మింగేస్తుంది. ఇంట్లో ఆ నష్టం లేదు. కానీ ఒక విచిత్రం. మాటలన్నీ దక్కాయి గానీ నవ్వు దక్కలేదు. పెదవి దాటి బయటికి రాలేదు. ఇంతలో చప్పుడు విని పక్కింటి కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి కూలబడ్డారు. వాళ్ళ కోసం కోడి ఘట్టం మళ్ళీ వేశాను. నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను! నవ్వు అంటువ్యాధి, ఒంటరివాడికి అంటదు. ఈ మార్కు హాలుది.

సెకండ్ షో: సాగర సంగమం

కె.విశ్వనాథ్ గారి 1983 నాటి చిత్రం. ఇళయరాజాకూ, గాయకుడిగా బాలుకూ జాతీయ అవార్డులు తెచ్చిపెట్టింది. రాత్రి భోజనాలయ్యాక అమ్మ కూడా వచ్చి కూర్చుంది. అమ్మ దీన్ని విడుదలైన ఏడాదే మా ఊరి హాల్లో చూసింది. చూసింది అంటే... మా అక్కకు అప్పుడు పది నెలలు. సినిమా మంచి పట్టులో ఉండగా అక్క రాగం అందుకుంది. "పిల్లను బయటికి తీసుకెళ్ళమ్మా" అని వెనక నుంచి కేకలు. నాన్నగారు సీట్లోంచి కదల్లేదు. అమ్మే పిల్లను భుజాన వేసుకుని గుమ్మం తెర బయట నిలబడింది. పాటలు చెవిన పడ్డాయి, బొమ్మ పడలేదు.

కమల్‌హాసన్ చేతికి జయప్రద నృత్యోత్సవం పుస్తకం ఇస్తుంది. పెద్ద పెద్ద కళాకారుల ఫోటోల మధ్య అతనికి తన ఫోటోయే కనిపిస్తుంది. అక్కడ కథ చెప్పేది మాటలు కాదు, కమల్ ముఖం. తెర బయట నిలబడ్డవాళ్ళకు అది ఎలా అందుతుంది?

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నేళ్ళూ అతనికి ఏదో ఉత్తరం వచ్చిందనుకుంటున్నాను రా" అంది. మళ్ళీ తనే, "ఏదీ, ఇంకోసారి పెట్టు" అంది. పెట్టాను. మూడోసారి కూడా పెట్టాను. అమ్మ కళ్ళు తుడుచుకుని, "మీ అక్కకు ఫోన్ చెయ్యి, దాని సంగతి తేలుస్తాను" అంది. టైము చూస్తే పన్నెండున్నర!

ఈ మార్కు ఎవరికి వెయ్యాలో మీరే చెప్పండి. నలుగురితో కలిసి నవ్వడానికి హాలును మించింది లేదు, కొత్త సినిమాకు హాలుకే వెళ్ళండి. కానీ చంటిపిల్లలతో బయటికొచ్చినవాళ్ళూ, మోకాళ్ళ నొప్పులతో బాల్కనీ మెట్లు ఎక్కలేనివాళ్ళూ మన ఇళ్ళల్లోనే ఉన్నారు. హాలు వాళ్ళకు బాకీ పడ్డ ఘట్టాలు చాలా ఉన్నాయి. ఆ బాకీ తీర్చే సాధనం ఇవాళ మీ చేతిలోనే ఉంది. పాటలు దాటించడానికే కాకుండా, ఆ రిమోట్‌ను ఇందుకూ వాడండి.

ఈ ఆదివారం మీ అమ్మనో, అమ్మమ్మనో అడిగి చూడండి: "ఏ సినిమాలో ఎక్కడ లేచి బయటికి వెళ్ళావు?" అని. సరిగ్గా అక్కడి నుంచే వెయ్యండి. ఏ ఘట్టమో నాకూ రాయడం మరవకండి. వచ్చే వారం కలుద్దాం.